హెవీ ఉంది కదా అనుకుంటే: పైడిభీమవరం దారిలో ఆగిన ట్యాంకరు కేసు

విజయనగరం నుంచి నడిచే ఒక చిన్న ట్రాన్స్‌పోర్టు సంస్థ కేసు ఇది. బండ్లు 12: నాలుగు పది టైర్ల లారీలు, ఒక పదకొండు టన్నుల గూడ్స్ బండి, సాల్వెంట్లు, అంటే మండే రసాయన ద్రావకాలు మోసే మూడు ట్యాంకర్లు, కాంట్రాక్టు మీద ఒక ప్రైవేటు కాలేజీకి తిరిగే నాలుగు బస్సులు. డ్రైవర్లు 16 మంది. లారీలు ఎక్కువగా సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు పోతాయి. ట్యాంకర్లు విశాఖలో నింపుకుని పైడిభీమవరం మందుల కంపెనీలకు చేరుస్తాయి. ఓనరు దగ్గర అందరి లైసెన్సుల జెరాక్సులూ ఉన్నాయి. పనిలో చేరిన రోజు తీసుకున్నవి, మళ్లీ ఎవరూ తిరగేయనివి.

పూసపాటిరేగ దాటాక 16వ నంబరు జాతీయ రహదారి మీద రవాణా శాఖ తనిఖీలో ఒక ట్యాంకరు ఆగింది. డ్రైవరుకు ఇరవై ఏళ్ల అనుభవం, చేతిలో హెవీ లైసెన్సు, దాని గడువు ఇంకా రెండేళ్లు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కార్డు చూసి ఊరుకోలేదు, లైసెన్సు నంబరూ పుట్టిన తేదీ కొట్టి, లైసెన్సుల సర్కారు వెబ్‌సైటు సారథి పోర్టల్‌లో వివరాల పేజీ తెరిచారు. అక్కడ నాన్ ట్రాన్స్‌పోర్టు గడువు ఒక వరుస, ట్రాన్స్‌పోర్టు గడువు ఇంకో వరుస, వాటి కింద హజార్డస్ (ప్రమాదకర సరుకు) గడువని ఒక గడి ఉంటాయి. ఆ గడిలో తేదీ నాలుగు నెలల కిందటిది. తర్వాత బండి చుట్టూ తిరిగి చూస్తే పక్కలా వెనకా ఉన్న ప్యానెల్ మీద, సరుకేదో చెప్పే యూఎన్ నంబరు 1230. అంటే మిథనాల్. బిల్లులో ఉన్నది టోలీన్, దాని నంబరు 1294. కిందటి ట్రిప్పు ప్యానెల్ మార్చకుండా లోడు ఎత్తారు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద కేసు పడింది, బండి నిలిచిపోయింది, కంపెనీ గేటు దగ్గర ఆ లోడు కోసం ఎదురుచూస్తున్న వాళ్లు ఇంకో బండి మాట్లాడుకున్నారు.

ప్యానెల్ సంగతి చాలామందికి చిన్న తప్పుగా కనిపిస్తుంది. నిజానికి రెండింటిలో పెద్దది అదే. ప్రమాదం జరిగితే ఫైరింజన్ వాళ్లు ఏం చేయాలో నిర్ణయించుకునేది ఆ నంబరు చూసే. మిథనాల్ నీళ్లలో కలిసిపోతుంది, దానికి ఆల్కహాల్‌ను తట్టుకునే నురగ కావాలి. మంట పట్టపగలు కంటికి దాదాపు ఆనదు. టోలీన్ నీళ్లమీద తేలుతూ, మండుతూ, కాలవ వెంబడి పోతుంది. నంబరు తప్పయితే వచ్చినవాళ్ల మొదటి పది నిమిషాలూ తప్పు దారిలో పోతాయి.

ఓనరు మొదటి ప్రశ్న, హెవీ ఉన్నాక మళ్లీ ఇదేంటి అని. ఈ ప్రశ్న విజయనగరం, శ్రీకాకుళంలో ఏ లారీ ఆఫీసులో కూర్చున్నా వినిపిస్తుంది. జవాబు కేంద్ర మోటారు వాహనాల నియమావళి 9వ రూలులో ఉంది. ప్రమాదకర సరుకు మోసే బండి నడపాలంటే ట్రాన్స్‌పోర్టు లైసెన్సు మీద ప్రత్యేకంగా ఆమోదం ఉండాలి. దానికి రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలో మూడు రోజుల కోర్సు చేయాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషూ చదవడం, రాయడం రావాలి. 2019 చట్ట సవరణకు ముందు ఈ ఆమోదం ఏడాదికే చెల్లేది, ఏటా ఒకరోజు రిఫ్రెషర్ తప్పనిసరి. ఇప్పుడు మూడేళ్లు. మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఇదివరకు మూడేళ్లుండేది, ఇప్పుడు ఐదేళ్లు. ఒకే కార్డు మీద ఐదేళ్ల గడువొకటి, మూడేళ్ల గడువొకటి. సొంత కారుకు పనికొచ్చే నాన్ ట్రాన్స్‌పోర్టు గడువైతే యాభై లోపు వయసువాళ్లకు పదేళ్లూ అంతకు మించీ ఉంటుంది. డ్రైవరుకు గుర్తుండేది వీటిలో అన్నిటికంటే దూరంగా ఉన్న తేదీ.

ఈ కేసులో సంస్థకు సాయం చేసిన మేం 16 మందివీ సారథిలో ఒక్కొక్కటే తీసి చూశాం. ఇంకా మూడు బయటపడ్డాయి. ట్యాంకరు డ్రైవర్లు సెలవు పెట్టినప్పుడు ఎక్కే ఒక లారీ డ్రైవరుకు హజార్డస్ ఆమోదం ఎప్పుడూ లేదు. ఒక బస్సు డ్రైవరుకు ట్రాన్స్‌పోర్టు గడువు ఐదు నెలల కిందటే తీరింది. కార్డు మీద నాన్ ట్రాన్స్‌పోర్టు తేదీ ఇంకా చాలా ఏళ్లుండడంతో ఎవరి కంటా పడలేదు. మూడోది పదకొండు టన్నుల బండి. దాన్ని నడిపే కుర్రాడి దగ్గర తేలికపాటి బండ్ల లైసెన్సు ఎల్‌ఎంవీ మాత్రమే ఉంది.

ఈ మూడోదాని మీద జనంలో సగం నిజం తిరుగుతోంది. ఎల్‌ఎంవీతోనే గూడ్స్ బండి నడపొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది కదా అంటారు. చెప్పింది, 2024 నవంబరులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2017 నాటి తీర్పును సమర్థిస్తూ చెప్పింది. కానీ ఆ వెసులుబాటు 7,500 కిలోల లోపు బండ్లకే. టాటా ఏస్‌కు, బొలెరో పికప్‌కు సరిపోతుంది. పదకొండు టన్నుల బండికి సరిపోదు. కుర్రాడు రెండేళ్లు చిన్న బండి నడిపి పెద్దదానికి మారాడు, కాగితం మాత్రం మారలేదు. ప్రమాదకర సరుకుకైతే ఏ సైజు బండికైనా 9వ రూలు ఆమోదం వేరేగా ఉండాల్సిందే.

బస్సు డ్రైవరుది సులువుగా సరిదిద్దుకోగలిగింది. గడువు తీరి ఏడాది లోపు దరఖాస్తు పెడితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. 1ఏ ఫారంలో డాక్టరు సర్టిఫికెట్, ఫీజు, అంతే. ఏడాది దాటితే పరీక్ష పాసవాలి. ఇక్కడ చాలామంది పాత రూలు పట్టుకుని వేలాడుతున్నారు. గడువు తీరినా 30 రోజులు చెల్లుతుందనే వెసులుబాటును 2019 సవరణ తీసేసింది. రెన్యువల్ కూడా చేయించిన తేదీ నుంచే అమల్లోకి వస్తుంది, వెనక తేదీ నుంచి కాదు. అంటే ఆ ఐదు నెలలు ఎప్పటికీ ఖాళీయే. ఆ మధ్యలో కాలేజీ బస్సు ఎవరినైనా గుద్ది ఉంటే బీమా కంపెనీ బాధితులకు కట్టి, ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకునేందుకు వచ్చేది. డ్రైవరు నాకు చెప్పలేదండీ అనడం కుదరదు. లైసెన్సు గడువు తీరి మూడేళ్లయినా చూసుకోని యజమానిదే బాధ్యతని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద ఓనరుకు, నడిపినందుకు 181 కింద డ్రైవరుకు, చట్టంలో చెరో 5,000 జరిమానా వేరే.

కాగితాలు ఇంతటితో ఒక దారికొచ్చాయి. అసలు కష్టం శిక్షణ దగ్గర.

మన చట్టంలో లారీ, బస్సు డ్రైవరుకు మొదట్లో శిక్షణ ఉంది, తర్వాత దాదాపుగా లేదు. మొదట్లో ఉన్నది ఇది: 20 ఏళ్లు నిండాలి, ఎల్‌ఎంవీ వచ్చి ఏడాది కావాలి, అప్పుడు ట్రాన్స్‌పోర్టు ఎల్‌ఎల్‌ఆర్, స్కూలు ఇచ్చే 5వ ఫారం, కనీసం 30 రోజుల తర్వాత పరీక్ష. 8వ తరగతి ఉండాలన్న షరతు 2019లో పోయింది. మామూలు డ్రైవింగ్ స్కూల్లో పెద్ద బండి కోర్సు 30 రోజులు, అందులో స్టీరింగు పట్టేది 15 గంటలకు తక్కువ కాకూడదు. 2021 జులై నుంచి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో అయితే ఆరు వారాలు, 38 గంటలు. అక్కడ పాసైనవాళ్లకు ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు. మా ప్రాంతంలో సగం మంది డ్రైవర్లు ఈ దారిన రాలేదు. క్లీనరుగా ఎక్కి, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద గురువుగారి పక్కన కూర్చుని స్టీరింగు పట్టి, చివరికి 5వ ఫారం కొనుక్కున్నారు. బండి మీద చెయ్యి బాగానే తిరుగుతుంది. ఎందుకలా చేయాలో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

తర్వాత రిఫ్రెషర్ మాట వినపడేది రెండు చోట్లే. ఒకటి హజార్డస్. రెండోది లైసెన్సు సస్పెండైనప్పుడు: 19వ సెక్షన్ ప్రకారం రిఫ్రెషర్ కోర్సు పూర్తిచేస్తేనే కార్డు తిరిగిస్తారు. యూరప్‌లో వృత్తి డ్రైవరు ఐదేళ్లకోసారి 35 గంటల శిక్షణ చూపిస్తేనే లైసెన్సు మీద 95 అనే కోడ్ నిలుస్తుంది. మన దగ్గర ఐదేళ్లకోసారి కళ్లు చూపించుకుంటే చాలు. కాబట్టి మిగతా శిక్షణ అంతా ఓనరు పెట్టుకోవలసిందే, అడిగేవాడు ఎవడూ లేడు. ఈ సంస్థకు ఆ 35 గంటల లెక్కనే తీసుకున్నాం: ఏడాదికి ఏడు గంటలు, మూడున్నర గంటల చొప్పున రెండు పూటలు.

మొదటి పూటకు బస్సు డ్రైవర్లు మాత్రమే వచ్చారు. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాళ్లకు నెల జీతం. పొద్దున ట్రిప్పు అయ్యాక సాయంత్రం దాకా బస్సు కాలేజీ ఆవరణలోనే ఉంటుంది. లారీవాళ్లకు ట్రిప్పు లెక్కన డబ్బు. ఒక పూట కూర్చుంటే ఒక రోజు బత్తా పోయినట్టే, పైగా లోడింగు వరసలో వెనక్కి పోతారు. శ్రద్ధ లేదు వీళ్లకని ఓనరు విసుక్కున్నాడు. శ్రద్ధకీ దీనికీ సంబంధం లేదు. రెండోసారి క్లాసు రోజుకు పూర్తి బత్తా ఇచ్చి, అదే రోజు బండిని గ్రీజు, ఆయిల్ సర్వీసుకు పెట్టాం. బండి ఎలాగూ కదలదు కాబట్టి మనిషి వచ్చాడు. శిక్షణ మీద ఎన్ని సలహాలిచ్చినా ఈ బత్తా సంగతి తేలకపోతే మిగతాదంతా దండగే.

క్లాసు అంటే గదిలో బొమ్మలు చూపించడం కాదు. పది టైర్ల లారీవాళ్లకు ఘాట్ దిగుడు ఒక్కటే అంశంగా పెట్టుకున్నాం. ఎందుకంటే అక్కడి అలవాట్లే అన్నిటికంటే ఖరీదైనవి. గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాటి, పి.కోనవలస ఘాట్ ఎక్కి, లోడుతో దిగి రావడం. పక్కన శిక్షకుడు, చేతిలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు.

బయల్దేరే ముందు గాలి పరీక్ష. గాలి 8 బార్ వరకు నింపి ఇంజను ఆపాలి, బ్రేకు పెడల్ నిమిషం పాటు తొక్కి పట్టాలి. ముల్లు 0.3 బార్ కంటే ఎక్కువ పడిపోతే ఎక్కడో లీకు ఉంది, ఘాట్ ఎక్కకూడదు. ఎయిర్ ట్యాంకుల కింద డ్రెయిన్ లాగి నీళ్లు వదలడం మన సముద్రపు గాలికి రోజువారీ పని. చాలామంది నెలకోసారి కూడా చేయరు.

దిగుడులో పెద్ద జబ్బు న్యూట్రల్. డీజిల్ మిగులుతుందని గేరు తీసేసి వదిలేస్తారు. పాత బండ్ల కాలం నుంచి వచ్చిన నమ్మకం ఇది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంజెక్టర్లు డీజిల్ పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్లో మాత్రం ఇంజను ఐడిల్లో తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్లో దింపేవాడు డీజిలూ పోగొట్టుకుంటున్నాడు, ఇంజను పట్టునూ వదులుకుంటున్నాడు. ప్రమాదం గురించి ఎంత చెప్పినా తల ఊపి ఊరుకున్న సీనియర్లు ఈ లెక్క దగ్గర మాత్రం ఆగారు. డాష్‌బోర్డులో అప్పటికప్పుడు ఖర్చు చూపించే మీటరున్న బండిలో గేరులో సున్నాకు పడడం చూపిస్తే ఇక వాదన లేదు.

పద్ధతి ఇది: దిగుడు మొదలవకముందే, ఘాట్ ఎక్కేటప్పుడు వాడిన గేరుకు రావాలి, మధ్యలో గేరు మార్చే పని పెట్టుకోకూడదు. ఇంజను పొగ దారి మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వేసి ఉంచాలి. వేగం అనుకున్నదానికంటే పెరిగితే పెడల్ గట్టిగా తొక్కి పది కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదలాలి. పాదం ఆనించి ఉంచేవాడి డ్రమ్ముకు చల్లబడే తీరికే ఉండదు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనరుకు దూరమవుతుంది, పుష్‌రాడ్ (లైనరును నెట్టే కడ్డీ) ఇంకా ఎక్కువ దూరం పోవాల్సి వస్తుంది, చివరికి దాని చలనం అయిపోతుంది. పెడల్ కింద గాలి ఉంటుంది, బ్రేకు ఉండదు. కమురు వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యం. చదును చూసి ఆపి, చక్రాల కింద దిమ్మలు పెట్టి చల్లారనివ్వాలి. నీళ్లు పోస్తే డ్రమ్ము పగులుతుంది. కాలిన డ్రమ్ము మీద పార్కింగ్ బ్రేకు వేసి వదిలేస్తే అది చల్లారుతూ లైనర్ల మీద బిగుసుకుంటుంది.

కిందికొచ్చాక థర్మామీటరుతో అన్ని చక్రాలూ చూడాలి. ఒకే యాక్సిల్ మీద ఒక పక్క బాగా కాలి, రెండో పక్క గోరువెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నదే పని చేయట్లేదు. ఈ కేసులో ఒక లారీలో సరిగ్గా అదే కనిపించింది. దానికి డ్రమ్ముకూ లైనరుకూ మధ్య సందును తనంతట తానే సరిచేసే ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్ ఉంది. ప్రతి ట్రిప్పుకూ ముందు డ్రైవరే స్పానరుతో బిగిస్తున్నాడు. ఆటోమేటిక్‌ను చేత్తో బిగించాల్సి వస్తోందంటే అది పాడైందని అర్థం. బిగించడం వల్ల లోపం కనపడకుండా పోయింది, షెడ్డులో మెకానిక్‌కూ తెలియలేదు.

ట్యాంకరు డ్రైవర్లను ముందు మూడు రోజుల కోర్సుకు పంపాం, ఆమోదం పడేదాకా మామూలు లారీలే ఇచ్చాం. కోర్సుకు డబ్బు కట్టేముందు ఆ సంస్థ సర్టిఫికెట్ మన ఆర్టీవో ఆఫీసులో చెల్లుతుందో లేదో కనుక్కోవాలి. తరగతికి పోకుండానే కాగితం తెస్తామనే బ్రోకర్లను గుమ్మం తొక్కనివ్వకూడదు. కోర్సు సిలబస్ మూడు భాగాలు: ప్రమాదం రాకుండా నడపడం, నడిపే నైపుణ్యం, సరుకు భద్రత. మూడో భాగంలో బావులు, నదులు, చెరువుల్లో సరుకు కలవకుండా కాపాడడం కూడా ఉంటుంది. పైడిభీమవరం పక్కన కందివలస గెడ్డ ఉందని గుర్తుంటే అదెందుకో చెప్పక్కర్లేదు.

దానికి తోడు సంస్థ సొంత పూటలో చేయించింది అన్‌లోడింగు ఒక్కటే. టోలీన్ కరెంటును సరిగా పారనివ్వని ద్రవం. పైపులో పారుతుంటే స్థిర విద్యుత్తు పుట్టి అందులోనే నిలుస్తుంది. దాని ఫ్లాష్ పాయింటు 4 డిగ్రీలు, అంటే శ్రీకాకుళంలో మంచు పడే పొద్దున కూడా మండే ఆవిరి ఉంటుంది. కాబట్టి ఎర్తింగ్ క్లిప్పు మొదట పెట్టేది, చివర తీసేది. క్లిప్పు రంగు వేసిన చోట పట్టకూడదు, లోహం బయటికి కనపడే చోట కొరకాలి. బీఎస్-6 బండ్లతో కొత్త తలనొప్పి ఒకటుంది. వాటి పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, ఉంటుంది. డీపీఎఫ్‌లో మసి కాల్చే సమయంలో లోపల వేడి 600 డిగ్రీల దరిదాపుకు పోతుంది. అది నడుస్తుండగా సాల్వెంట్ యార్డులోకి బండి తేకూడదు. గేటుకు ముందే ఆ గుర్తు వెలిగిందేమో చూసుకుని, వెలిగితే బయటే పూర్తి కానివ్వాలి. యార్డులో స్విచ్‌తో ఆపి ఉంచితే బయటికొచ్చాక మళ్లీ వదలడం మరచిపోకూడదు, లేకపోతే మసి నిండి ఇంజను పికప్ చచ్చిపోతుంది.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండే ట్రెమ్ కార్డును సరుకు పంపేవాళ్లు ఇవ్వాలి. ఇంగ్లీషు కాపీతో పాటు తెలుగు కాపీ కూడా క్యాబిన్‌లో పెట్టించాం. ప్యానెల్ మార్పును లోడింగు స్లిప్పుతో ముడిపెట్టాం. బిల్లు మీద యూఎన్ నంబరు, బండి మీది నంబరు ఒకే ఫొటోలో పడేలా తీసి ఆఫీసుకు పంపితేనే బయల్దేరడానికి డీజిల్ డబ్బులు.

బస్సులవాళ్లకు పెద్ద విషయాలు లేవు. అత్యవసర ద్వారం నాలుగింటిలో ఒకదానికి తుప్పు పట్టి తెరుచుకోలేదు. లోపలి నుంచీ బయటి నుంచీ తెరిచి చూడడం వారం పనుల్లో చేర్చాం. విద్యాసంస్థల బస్సుకు ఐదేళ్ల అనుభవం కావాలి, 60 ఏళ్లు దాటినవాళ్లను పెట్టకూడదు. వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటకుండా ఆపే స్పీడ్ గవర్నరు ఉండాలి, దాని సీలు తెగి ఉందేమో చూసుకోవాలి.

కళ్ల పరీక్ష మీద ఒక మాట. 1ఏ ఫారం అడిగేది పగటి వెలుగులో 25 మీటర్ల నుంచి నంబరు ప్లేటు చదవగలడా అని. ఫారంలో రేచీకటి ప్రశ్న కూడా ఉంది, కానీ డాక్టరు డ్రైవరును అడిగి టిక్కు పెట్టి వదిలేస్తాడు. నలభై దాటాక శుక్లం మొదలైనవాడికి పగలు ఇబ్బంది ఉండదు, రాత్రి ఎదురు లైట్లకు ముందున్నదంతా తెల్లబడిపోతుంది. రోడ్డు పక్క ఆపిన లారీ వెనక గుద్దే ప్రమాదాల్లో దీని వాటా ఉంటుందని మా అనుమానం. అందుకే ఏడాదికోసారి కంటి ఆసుపత్రిలో పూర్తి పరీక్ష, షుగరు పరీక్ష, ఖర్చు ఓనరుది. ఏదైనా తేలితే పని పోతుందనే భయం ఉంటే ఎవరూ రారు. ఆపరేషనై కోలుకునేదాకా షెడ్డులో పని ఇస్తామని ముందే రాసి ఇచ్చాం.

నిద్ర సంగతి శిక్షణతో తీరేది కాదు. 1961 చట్టం నుంచీ ఉన్న లెక్క రోజుకు 8 గంటలు, ఐదు గంటలకు మించకుండా నడిపి అరగంట విశ్రాంతి. డ్రైవర్లకు ఇది తెలియక కాదు. ఉదయం ఆరుకల్లా గేటు దగ్గర ఉండాలని ఆఫీసే చెప్తుంటే రెండింటి నుంచి ఐదింటి దాకా వాడు నడపక తప్పదు. ట్రిప్పు టైములు మార్చుకోవాల్సింది బుకింగు గుమాస్తా. కాబట్టి రెండో ఏడు ఈ అంశానికి క్లాసులో కూర్చోబెట్టేది గుమాస్తానూ ఓనరునూ.

ఇంకా తేలనిది యాక్టింగ్ డ్రైవర్ల విషయం. సంక్రాంతికి, ఊరి పండగలకు అసలు డ్రైవర్లు ఇళ్లకు పోతారు, ఫోన్లో దొరికినవాడు బండెక్కుతాడు. వాడికి ఈ శిక్షణ ఏదీ అందదు. ప్రస్తుతానికి చేసిందల్లా, ముందే సారథిలో చూసి పెట్టుకున్న ఆరుగురి జాబితా ఒకటి ఆఫీసు గోడకు అంటించడం. పేరు పక్కన ట్రాన్స్‌పోర్టు గడువు, హజార్డస్ గడువు, ఘాట్ దిగుడు చూపించాడా లేదా అని మూడు గడులున్నాయి. జాబితాలో లేనివాడికి తాళాలు ఇవ్వరు. ట్యాంకరైతే, రెండో గడి ఖాళీగా ఉన్నవాడికీ ఇవ్వరు. ఆ ఆరుగురిలో ప్రస్తుతం రెండో గడి నిండింది ఒక్కడికే. సంక్రాంతి వారంలో మూడు ట్యాంకర్లలో రెండు షెడ్డులోనే ఉంటాయని కంపెనీలకు ముందుగానే ఉత్తరం పోయింది.